మ.రా.రా.శ్రీ గ్యాస్ బండ గారికి

కొర్లగుంట, తిరుపతి.
2025 డిసెంబరు, ధనుర్మాసం, తెల్లవారుజాము.

మ.రా.రా.శ్రీ వంటింటి మూల గ్యాస్ బండ గారి సముఖమునకు,

మీరు క్షేమమా అని అడగడానికి వీల్లేకుండా చేశారు. ఇవాళ నాలుగున్నరకు, పొంగలిలో పెసరబేడలు ఉడికీ ఉడకని సమయంలో, నీలంగా మండుతున్నవారు కాస్తా ఎర్రగా తిరిగి తుస్సుమని ఆరిపోయారు. మా ఆవిడ మిమ్మల్ని పట్టుకుని ఊపింది. పక్కకు వంచి చూసింది. మళ్లీ వెలిగించింది. రెండు నిమిషాలు బతికి మళ్లీ పోయారు. ఆ తర్వాత ఆమె మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను ఫోన్‌లో వార్తలు చూస్తున్నాను.

ఆ చూపుకు జవాబు ఆమెకు చెప్పే ధైర్యం లేక మీకు రాస్తున్నాను.

ముందు నా సంగతి. ముప్ఫై ఒక్క ఏళ్లు హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ని. నిద్ర లేవగానే, పళ్లు తోముకోకముందే, ప్రపంచం ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలి నాకు. గాజాలో కాల్పుల విరమణ నిలిచిందా, ఉక్రెయిన్ మీద రాత్రి ఎన్ని డ్రోన్లు పడ్డాయి, ట్రంప్ గారు పడుకోబోయే ముందు ఎవరి మీద సుంకం వేశారు, ఇవన్నీ తెలిస్తే గానీ కాఫీ దిగదు. ఇంట్లో చక్కెర అయిపోయిన సంగతి మాత్రం ఆ కాఫీ నోట్లో పోసుకున్నాక తెలుస్తుంది.

ఆరున్నరకు టీ అంగడి దగ్గర మా సభ. ఒక రిటైర్డ్ కండక్టరు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, పూలు అమ్మే ఒక పెద్దాయన, నేను. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అయిదు దేశాలకే వీటో. మా బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ ఉంది. ఉక్రెయిన్ యుద్ధాన్ని దాదాపు నాలుగేళ్లుగా రోజుకోసారి ఆపుతున్నాం. టీ పది నుంచి పన్నెండు రూపాయలైన రోజు మాత్రం మా మండలి మొత్తం ఒక్క మాట మీదికొచ్చి ఖండించింది. అంగడాయన బల్ల కింద ఉన్న మీ పెద్దన్నను చూపించాడు, పందొమ్మిది కిలోల నీలం బండను. "నెల నెలా ఒకటో తేదీ దీని రేటు మారుతుంది సార్, నన్నేం చేయమంటారు?" అన్నాడు. ఎందుకు మారుతుందో మాలో ఒక్కరమూ అడగలేదు. కండక్టరు తైవాన్ సంగతి ఎత్తాడు.

అసలు మీకు చెప్పుకోవాల్సింది జూన్ సంగతి. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది కదా, అక్కడి నుంచి పన్నెండు రోజులు నాకు మహర్దశ. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఆ పన్నెండు రోజులూ అందరూ అడిగారు. 22న అమెరికా విమానాలు ఇరాన్ అణుకేంద్రాలున్న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ల మీద బాంబులు వేశాయి. హోర్ముజ్ జలసంధి మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానం చేసింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. జలసంధి అనగానేమి అని ఎన్ని వందల మందిని నిలబెట్టి అడిగి ఉంటాను! చాక్‌పీసు లేదు కాబట్టి టీ గ్లాసు అడుగు తడితో బెంచీ మీద గీతలు గీశాను.

"ఇది ఇరాన్, ఇది ఒమన్. మధ్యలో బాగా ఇరుకైన చోట ముప్ఫై మూడు కిలోమీటర్లు. మనం కాళహస్తికి పోయేంత దూరం కూడా లేదు. అందులో పెద్ద ఓడలు పోయే దారి మూడు కిలోమీటర్లు, వచ్చే దారి మూడు కిలోమీటర్లు. కపిలతీర్థం నుంచి రైల్వే స్టేషను ఎంతో అంత. ప్రపంచం వాడే చమురులో అయిదో వంతు ఆ సందులోంచే రావాలి."

వానాకాలం ఘాట్ రోడ్డులో కొండరాయి పడితే కింద ఏమవుతుందో ఎరిగిన ఊరు ఇది. ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. పూలాయన "ఏం చెప్పినారు సార్!" అన్నాడు. ఆ ఒక్క మాట మీద వారం బతికాను.

మీరు కూడా ఆ సందులోంచే వస్తారని మాత్రం నేను చెప్పలేదు. తెలియక కాదు, తోచక. చమురు అంటే నా బుర్రలో ట్యాంకర్లు, మ్యాపులు, పెద్ద పెద్ద మనుషులు టై కట్టుకుని మాట్లాడటం. అడుగున తుప్పు పట్టి, వంటింట్లో నేల మీద గుండ్రటి మరక పెట్టే మీరు ఎందుకు గుర్తొస్తారు? మన దేశం మండించే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయట కొన్నదే. అందులోనూ ఎక్కువ భాగం ఖతర్, యూఏఈ, కువైట్, సౌదీల నుంచి వస్తుంది. మీ లెక్క మొదలయ్యేదే సౌదీ సర్కారు చమురు కంపెనీ అరామ్‌కో నెల నెలా ప్రకటించే ప్రొపేన్, బ్యూటేన్ రేట్ల దగ్గర. మీ కడుపులో ఉండేవి ఆ రెండే. దాని మీద ఓడ కిరాయి, డాలరు, మన సర్కారు దయ. ఇంతటి విదేశాంగ మంత్రిని మూల కూర్చోబెట్టి, పైన మసిగుడ్డ ఆరేసి, నేను వీధిలోకి పోయి విదేశాంగం మాట్లాడి వచ్చాను.

జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతర్‌లోని అమెరికా స్థావరం మీదికి పోయాయి. గల్ఫ్ దేశాల్లో చాలా చోట్ల విమానాల దారులు మూసేశారు. పదిన్నరకు నీళ్ల మోటరు ఆపడానికి కిందికి దిగితే, కింది పోర్షన్ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది, చేతిలో ఫోను. వాళ్లాయన కువైట్‌లో డ్రైవరు. మా జిల్లాలో, కడప వైపు ఇంకా జాస్తిగా, ఇలాంటి ఇళ్లు వీధికి ఒకటైనా ఉంటాయి.

"సార్, ఖతర్‌కూ కువైట్‌కూ ఎంత దూరం?"

అడగాల్సిన ప్రశ్న, అడగాల్సినవాణ్నే అడిగింది. నేను రెయిలింగుకు ఆనుకుని మొదలుపెట్టాను. దూరం చెప్పాను. మధ్యలో ఏ దేశాలున్నాయో చెప్పాను. అంతటితో ఆగితే నేను టీచర్ని ఎలా అవుతాను? 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్‌లోకి ఎలా దూరాడో, అప్పుడు మనవాళ్లను లక్షా డెబ్భై వేల మందిని విమానాల్లో ఎలా తెచ్చారో కూడా చెప్పాను, ధైర్యం కోసం. ఆ అమ్మాయి అన్నీ విన్నది. విని, "గంట నుంచి ఫోన్ ఎత్తడం లేదు సార్" అంది.

ఆ పాఠం నా సిలబస్‌లో లేదు.

మా ఆవిడ పైనుంచి ఒక గ్లాసు పాలు వెచ్చబెట్టి తెచ్చి, ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది. ఏం మాట్లాడుకున్నట్టూ లేదు. పన్నెండున్నరకు ఫోన్ మోగింది. ఆ మహానుభావుడు డ్యూటీ దిగి, ఫోన్ ఛార్జింగుకు పెట్టి నిద్రపోయాడట. మా ఆవిడ పైకి వచ్చి లైటు తీస్తూ, "మ్యాపు కూడా గీసి చూపించినారా?" అంది. తెల్లారేసరికి యుద్ధం ఆగిందని ట్రంప్ గారు ప్రకటించేశారు. ఆ వేళ టీ అంగడికి పోబుద్ధి కాలేదు. అయినా పోయాను.

ఆ పాలు వెచ్చబెట్టింది మీరే కదా, ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇక మీ జాతకం. ఢిల్లీ లెక్కలో 2022 మే నెలలో మీరు వెయ్యి దాటారు. 2023 ఆగస్టు చివర ఒక్కసారిగా రెండు వందలు దిగారు. 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం కానుకగా ఇంకో వంద దిగారు. ఆ కానుక వెనకాలే పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలన్నీ ముగిసి అందరూ కుదురుకున్నాక, 2025 ఏప్రిల్ 8న చప్పుడు చేయకుండా యాభై ఎక్కారు. పంచాంగం చూడకుండా ఎన్నికలు ఎప్పుడో చెప్పగలిగిన వస్తువు మా ఇంట్లో మీరొక్కరే. మా ఆవిడ ఈ తేదీలేవీ ఎరగదు. కానీ వంటింటి అలమర తలుపు లోపలి పక్క పెన్సిల్‌తో మీరు వచ్చిన ప్రతి తేదీ, ఎంత ఇచ్చిందీ రాసి పెట్టింది. నేను నిన్న మొదటిసారి చదివాను. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాది అంకెల పక్కన "వడలు ఆదివారం మాత్రమే" అని ఉంది. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది కదా. నేను ఆ యుద్ధం మీద అన్ని ఉపన్యాసాలిచ్చాను, మా ఇంట్లో వడలు తగ్గాయని నాకు తెలియదు.

మా అమ్మకు మీరంటే భయం. పాకాల దగ్గర పల్లెలో సీమకంప, కందికట్టెతో సంగటి వండిన మనిషి. ఊదురుగొట్టం ఊది ఊది బుగ్గలు గట్టిపడ్డాయని నవ్వేది. 1999లో దీపం పథకం వచ్చి ఊళ్లో ఆడవాళ్లకు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, "మూలన బాంబు పెట్టుకుని నిద్రపోతారా ఎవరైనా" అంది. మీకు సొంత వాసన ఉండదు, కారితే తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు కలుపుతారు అని చెబితే, "వాసన లేని దయ్యానికి కుళ్లిన తెల్లగడ్డ పూసినారన్నమాట" అని తేల్చేసింది. ఆమె పొయ్యికి కువైట్ అక్కర్లేదు, డాలరు అక్కర్లేదు. కంప ఎండితే మంట, తడిస్తే పొగ. ఆ పొగకు పట్టిన దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు. అందుకే కట్టెల పొయ్యి మీద సంగటి రుచే వేరు అనే మగవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రుచికి ఊదినవాళ్లు వేరే ఉన్నారు.

కొండ మీద లడ్డూలు చేసే పోటులోకి కూడా 1984లో కట్టెల బదులు మీరే ప్రవేశించారని విన్నాను. 2002లో కొండ మీదే ఎండతో ఆవిరి పుట్టించి రోజుకు పదిహేను వేల మందికి వండే ఏర్పాటు చేశారు. స్వామి ముందుచూపు స్వామిది. మా ఇంటి మేడ మీద ఎండ అంతా వడియాలకే.

ఇప్పుడు మీకు అమెరికా యోగం కూడా పట్టింది. 2026లో ఇరవై రెండు లక్షల టన్నుల గ్యాస్ అమెరికా గల్ఫ్ తీరం నుంచి కొంటామని మనవాళ్లు 2025 నవంబరులో ఒప్పందం చేసుకున్నారు. ఆ గల్ఫ్ కాకపోతే ఈ గల్ఫ్. ఇదే అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకులో చాలావాటి మీద యాభై శాతం సుంకం గుంజింది. మన రొయ్యలు అటు పోవడానికి గేటు, మీరు ఇటు రావడానికి తోరణం. టీ అంగడిలో దీని మీద నేను నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ నలభై నిమిషాల్లోనే ఇంటి దగ్గర అసలు పని జరిగిపోయింది.

అదే చెప్పడానికి ఇంత చుట్టు తిరిగాను. కనెక్షన్ మా ఆవిడ పేరున. ఫోన్ నంబరు నాది. మొన్న మీ జోడీ, అంటే నిండు బండ, మా గేటు దాకా వచ్చింది. దానికి ముందుగా నా ఫోన్‌కు ఒక రహస్య నంబరు వస్తుంది, అది చెబితేనే దించుతారు. వచ్చింది. వెనెజులా చమురు ఓడను అమెరికా వాళ్లు పట్టుకున్న వార్త చదువుతూ ఆ మెసేజిని ఏదో లోన్ల వాళ్లదనుకుని వేలితో పక్కకు నెట్టేశాను. తర్వాత తెలియని నంబరు నుంచి రెండుసార్లు ఫోన్ వస్తే కట్ చేశాను. ఆ పిల్లవాడు కాసేపు చూసి పోయాడు. మా ఆవిడ గుడికి పోయి ఉంది. సాయంత్రం సంగతి గ్రహించి, మళ్లీ వస్తుందిలే, లోపల ఉన్నది ఇంకో వారం రాదా అని ఊరుకున్నాను. మీరు రాలేదు. వారం కాదు, రెండు రోజులకే పోయారు.

మేము మిమ్మల్ని ఊపిన చప్పుడుకు కింది పోర్షన్‌లో లైటు వెలిగింది. "అక్కా, మాది నిండుది ఉంది, తీసుకోండి" అంటూ ఆ అమ్మాయే పైకి వచ్చింది. దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఆ ఇంటికి ఉచితం. అందులో ఒకటి పెన్షనరు ఇంటికి చేబదులు. పద్దెనిమిది మెట్లు నేనే మోశాను. పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాముల గ్యాసు, మీ ఇనుము ఇంకో పదిహేను కిలోల పైన. తొమ్మిదో మెట్టు మీద దించి, మెడ మీద రాసింది మొత్తం చదివాను. తీరిక కోసం కాదు, ఊపిరి కోసం. నెల నెలా వీటిని భుజాన మోసుకొచ్చే పిల్లవాడు మెట్లకు ముప్ఫై రూపాయలు అడిగితే, రసీదులో లేని పైసా ఇవ్వనని నిబంధనలు చదివి వినిపించినవాణ్ని నేను.

"తొందరేం లేదక్కా, ఆయన సంక్రాంతికి వస్తాడంట, అప్పటికి ఇస్తే చాలు" అని చెప్పి ఆ పిల్ల దిగిపోయింది. మొన్నటి సంగతి అప్పుడు చెప్పాను మా ఆవిడకు. ఆమె ఏమీ అనలేదు, చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చేశాను. మళ్లీ బుక్ చేసింది. మీ జోడీ మా గడప దాటేదాకా ఫోన్ ఆమె దగ్గరే ఉంటుందట.

ఆరున్నర కావస్తోంది. టీ అంగడికి పోవాలి. ఇవాళ ప్రపంచంలో ఏం జరిగిందో నాకు తెలియదు.

ఇట్లు,
మీ కనెక్షన్‌లో ఫోన్ నంబరు మాత్రమే అయినవాడు.

తా.క.: పొంగలి అడుగంటింది. మొదటి గిన్నె కిందికి పోయింది.