విరేచనాలు పట్టిన బిడ్డకు నీళ్లు ఆపమని ఎవరు చెప్పారు?

పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయంటే మన ఇళ్లలో ముందు తిండి ఆపేస్తారు. తర్వాత పాలు ఆపేస్తారు. ఆ తర్వాత "ఎంత తాగితే అంతా పోతోంది" అని నీళ్లు కూడా తగ్గించేస్తారు. లంఖణం పరమౌషధం అనే మాట పెద్దవాళ్లు అజీర్తి చేసినప్పుడు తమకు తాము వాడుకుంటే వాడుకోనీండి. ఏడాది బిడ్డ మీద మాత్రం దాన్ని ప్రయోగించొద్దని పిల్లల డాక్టర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాట ఇంటి గడప దాకా ఎందుకు రావట్లేదన్నదే నా బాధ, అందుకే ఇంత పొడుగు పోస్ట్.

విరేచనాల్లో బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి నీళ్లు, లవణాలు పోవడం. చిన్న ఒళ్లు కాబట్టి పెద్దవాళ్లకు రెండు రోజులు పట్టేది పసివాళ్లకు కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇప్పటికీ ఏటా 5 ఏళ్లలోపు పిల్లలు సుమారు 4.4 లక్షల మంది విరేచనాల వల్ల చనిపోతున్నారు. ఇది మన తాతల కాలం నాటి కలరా కథ కాదు, ఈ రోజుల్లో జరుగుతున్నదే. అలాంటి బిడ్డకు నోటి దగ్గర గ్లాసు తీసేయడమంటే బయటికి పోతున్న నీటికి బదులు లోపలికి వెళ్లే నీటిని కూడా మనమే ఆపేయడం.

ఓఆర్ఎస్ అంటే ఉప్పు, గ్లూకోజ్ లాంటివి సరైన పాళ్లలో ఉన్న పొడిని నీళ్లలో కలిపి తాగించేది. దాని మీద మనకున్న పెద్ద అపోహ, అది తాగితే విరేచనాలు ఆగిపోతాయని. ఆగవు. అది ఆపే మందు కాదు. మామూలు నీళ్లు తాగిస్తే జబ్బు చేసిన పేగు వాటిని సరిగ్గా పీల్చుకోలేదు. కానీ సోడియం, గ్లూకోజ్ తగిన పాళ్లలో కలిసి వచ్చినప్పుడు ఆ రెంటినీ పేగు గోడ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళుతుంది. విరేచనాలు అవుతున్నా ఈ దారి పెద్దగా దెబ్బతినదు. అంటే బయటికి మోషన్స్ అవుతూనే ఉంటాయి, లోపల బిడ్డకు నీరు అందుతూనే ఉంటుంది. జబ్బు దాని టైమ్ అది తీసుకుని తగ్గుతుంది, అప్పటిదాకా బిడ్డను నిలబెట్టేది ఈ నీళ్లే. ఈ ఒక్క సంగతి డాక్టర్ నోటితో చెప్పకపోవడం వల్లే ఎంతోమంది తల్లులు రెండు గ్లాసులు పట్టించి, మోషన్స్ ఆగలేదు కాబట్టి ఇది పనిచేయదు అని పక్కన పెట్టేస్తున్నారు.

ఇది పనిచేస్తుందా లేదా అన్నది 1971లోనే తేలిపోయింది. బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చి పడ్డారు. సరిహద్దు దగ్గర బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. అప్పటిదాకా 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో 3.6 శాతానికి పడిపోయాయి. తాగించింది ఎవరనుకున్నారు? అమ్మలు, అక్కలు, అన్నలు. ఒక్కళ్లకీ వైద్యం రాదు. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ పద్ధతిని ఆ శతాబ్దంలో వైద్యం సాధించిన అతి ముఖ్యమైన ముందడుగు కావచ్చని రాసింది. 2022లో ఆయన పోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆయన పేరు మన స్కూలు పుస్తకాల్లో ఉండాల్సింది.

ఇప్పుడు మన మెడికల్ షాపు దగ్గరికొద్దాం. నేను కళ్లారా చూసిన సంగతి ఇది. ఎండాకాలం సాయంత్రం ఒకాయన బండి ఆపి, ఇంజిన్ కూడా ఆపకుండా, "తమ్ముడూ, పాపకి మోషన్స్, ఓఆర్ఎస్ ఇవ్వు" అన్నాడు. కౌంటర్ వెనకున్న కుర్రాడు "ఏ ఫ్లేవర్ అన్నా, ఆరెంజా యాపిలా?" అని అడిగి, ఫ్రిజ్ తలుపు తీసి, చల్లటి జ్యూస్ డబ్బాలు రెండు కవర్లో వేసి ఇచ్చాడు. పొడి ప్యాకెట్లు అదే షాపులో వెనక అరలో ఉన్నాయి, నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను చెప్పాక ఆయన మార్చుకున్నాడు. ఆ కుర్రాడిని నేనేమీ అనను. డబ్బా మీద పెద్దక్షరాలతో ఆ మూడక్షరాలు కనిపిస్తుంటే అతనేం చేస్తాడు, ఆ తండ్రి ఏం చేస్తాడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. అంతే. ఆ పేరు తగిలించుకుని అమ్మిన తీపి పానీయాల్లో లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉందని హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎత్తిచూపారు. అంత చక్కెర పేగులోకి వెళితే ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ప్రేమగా కొనిచ్చిన డబ్బాయే బిడ్డకు ఎదురు తిరుగుతుంది.

ఆ డాక్టరమ్మ దాదాపు ఎనిమిదేళ్లు దీనిమీద పోరాడారు. అధికారులకు ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. జూలై వచ్చేసరికి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని డబ్బా మీద ఒక లైన్ వేస్తే వాడుకోవచ్చని సడలించింది. చీకట్లో, ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని వచ్చిన మనిషి ఆ సన్నటి లైను చదువుతాడా? చివరికి 2025 అక్టోబర్ 14న ఆ సడలింపులన్నీ ఎత్తేసి, పండ్ల రసాలు, తాగడానికి సిద్ధంగా ఉండే పానీయాల మీద ఆ పేరు ఏ రూపంలోనూ ఉండకూడదని ఆదేశించారు. కంపెనీలు కోర్టులకెక్కాయి, అయినా ఆ ఆదేశం నిలబడింది. ఆ రోజు ఆవిడ వీడియోలో కన్నీళ్లు పెట్టుకున్నారు. చూసిన నాకూ కళ్లు తడిశాయి.

నాకు సంతోషంతో పాటు కోపమూ వచ్చింది. డబ్బా మీద పేరు మార్పించడానికి ఒక డాక్టర్ తన క్లినిక్ పనులు చూసుకుంటూ ఎనిమిదేళ్లు తిరగాలా? చవకైన మందుకు మన దగ్గర ప్రచారం చేసేవాళ్లు ఉండరు. తీపి డబ్బాకు ప్రకటనలుంటాయి, ఫ్రిజ్‌లో ముందు వరుస ఉంటుంది, ఫ్లేవర్లుంటాయి. పొడి ప్యాకెట్‌కు ఆశా కార్యకర్త తప్ప దిక్కు లేదు. నిజం చెప్పే డాక్టర్లు ఉన్నారు. వాళ్ల గొంతు వినపడే చోట్లు మాత్రం చాలవు.

డాక్టర్లందరూ అలా చెబుతున్నారా అంటే, అదీ లేదు. మా బంధువుల అబ్బాయికి మోషన్స్ అయితే ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లారు. వాడు అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, నీళ్లు అడిగి తాగుతున్నాడు. అయినా చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. అడిగితే "మీవాళ్లే ఎక్కించమన్నారు కదండీ" అన్నారు. నిజమే, అన్నారు. గ్లూకోజ్ ఎక్కిస్తే బలం వస్తుందనేది మన ఊళ్లలో వేళ్లూనుకున్న నమ్మకం. ఆర్ఎంపీ దగ్గరైనా, పెద్ద ఆసుపత్రిలోనైనా బాటిల్ వేలాడితేనే వైద్యం జరిగినట్టు మనకు తృప్తి. బిడ్డ నోటితో తాగలేనప్పుడు, మగతగా పడిపోయినప్పుడు, ఒంట్లో నీరు మరీ తగ్గిపోయినప్పుడు సెలైన్ ప్రాణం కాపాడుతుంది. తాగగలిగిన బిడ్డకు మాత్రం ఓఆర్ఎస్ చాలు. ఈ మాట చెప్పి ఇంటివాళ్లను ఒప్పించాల్సిన పని డాక్టర్‌దే. అడిగారు కాబట్టి పెట్టేశామనడం నాకు ఒప్పుదల కాదు.

మిగతా అపోహల సంగతీ చెప్పేస్తాను. పళ్లొస్తున్నప్పుడు విరేచనాలు సహజమంటారు, కాదు. ఆ వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, వాటితో క్రిములు లోపలికి పోతాయి. పళ్ల వల్లేలే అని ఊరుకోవడం ప్రమాదం. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు, జావ ఏది తినే పిల్లలకు అది పెట్టొచ్చు. దిష్టి తీస్తే తీయండి, ఓఆర్ఎస్ తాగిస్తూ తీయండి. మోషన్స్ వెంటనే కట్టేసే పెద్దవాళ్ల మాత్రలు పిల్లలకు ఇవ్వకూడదు. నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్‌ల వల్ల వస్తాయి, వాటి మీద యాంటీబయోటిక్ పనిచేయదు. రక్తం పడితే, కలరా అనుమానముంటే అది వేరు, డాక్టర్ చూసి రాయాలి. పిల్లల్లో నీళ్ల విరేచనాలు తెప్పించే రోటావైరస్‌కు టీకా ఉంది. 2016లో దేశంలో ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు సర్కారు దవాఖానాలో ఉచితంగా చుక్కలు వేస్తారు.

కలపడంలో జరిగే తప్పు మాత్రం అన్నిటికంటే మామూలు. చాలా ఇళ్లలో ప్యాకెట్ మూల చించి, గ్లాసుడు నీళ్లలో అందాజుగా ఇంత పొడి వేసి, మిగతాది రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో దాస్తారు. ఆ నీళ్లు చిక్కగా ఉంటే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని, పలచగా ఉంటే ప్రయోజనం ఉండదు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడి లీటరు నీళ్లలో వేయాలి. 200 మి.లీ. ప్యాకెట్ అయితే 200 మి.లీ.లోనే. నీళ్లు కాచి చల్లార్చాలి. పాలలో, జ్యూస్‌లో కలపకూడదు, పంచదార చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ పట్టాలి. ప్యాకెట్ దొరకని అర్ధరాత్రి, లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, తలకొట్టిన అర చెంచా ఉప్పు. టీ చెంచాయే వాడండి, ఉప్పు మాత్రం చేతి అందాజుతో వేయకండి. దీంతోపాటు జింక్ 14 రోజులు వేయాలి, ఆరు నెలల్లోపు వాళ్లకు రోజుకు 10 మి.గ్రా., ఆపై వాళ్లకు 20. మూడో రోజు మోషన్స్ తగ్గగానే చాలామంది ఆపేస్తారు. తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కాపాడేది కూడా ఆ 14 రోజుల కోర్సే.

కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, పసిబిడ్డ మాడు గుంటపడినా, గంటల తరబడి మూత్రం పోయకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళుతున్నా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

పిల్లల డాక్టర్లకు నాదొక విన్నపం. నేను చూసిన ప్యాకెట్లలో చాలావాటి మీద ఎలా కలపాలో ఇంగ్లిష్, హిందీల్లోనే చిన్నచిన్న అక్షరాల్లో ఉంది. మీ చీటీ మీద "ఓఆర్ఎస్" అని రాసి వదిలేస్తే ఆ తల్లి షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకుంటుంది. "లీటరు పొడి ప్యాకెట్, మొత్తం పొడి లీటరు నీళ్లలో, మోషన్స్ ఆగకపోయినా తాగించాలి, అన్నం మానొద్దు" అని తెలుగులో రాసివ్వండి. రబ్బరు స్టాంపు చేయించుకుంటే అర నిమిషం పని. మీ పిల్లల డాక్టర్ చీటీలో అలా లేకపోతే, మందుల షాపుకు వెళ్లేముందే మీరు వెనక్కి వెళ్లి రాయించుకోండి.