స్టీల్ అంటే చాలు, భూకంపం భయపడి పోతదా?

పొద్దుగాల వాట్సాప్‌ల ఒక సర్టిఫికెట్ తిరుగుతాంది. హన్మకొండల మూడంతస్తుల షోరూం. "పూర్తిగా స్టీలుతో కట్టినందున భూకంపానికి సురక్షితం" అట. కింద సంతకం, స్టాంపు, మూడు ఫోటోలు. మూడూ బయటి నుంచి తీసినయే! సీలింగ్ పలక ఒక్కటి ఇప్పలే, ఒక్క జాయింటు చూడలే. బంగారంతోటి కడితే ఇంకింత సురక్షితం కావచ్చు.

2024 డిసెంబర్ 4న ములుగు దిక్కు 5.3తోటి ఊగినప్పుడు అందరు గోడల పగుళ్లే వెతికిండ్రు. స్టీలు దెబ్బ గోడ మీద కనపడదు సార్. 1994ల అమెరికా నార్త్‌రిడ్జ్ భూకంపంల స్టీలు బిల్డింగులు నిటారుగనే నిలబడ్డయ్. లోపలి కప్పులు ఇప్పి చూస్తే బీమ్ కింది ఫ్లాంజ్ (అడుగు పలక) కాలమ్‌ను పట్టుకునే వెల్డింగు కాడ పగుళ్లు! వెల్డింగప్పుడు అడుగున పెట్టిన పట్టీ అట్లనే వదిలేసిండ్రు, ఆడనే పగులు పుట్టింది. వెల్డ్ లోహం కూడ పెళుసే. స్టీలు సాగుతది, నిజమే. దానికి సాగే మోక రాకముందే వెల్డ్ పటుక్కుమంటే ఏం లాభం?

చూసుడంటే ముందుగాల కాలమ్ అడుగున ఉండే బేస్ ప్లేట్. దాని కింద గ్రౌట్ (సిమెంటు ముద్ద) నిండిందా, డొల్లనా? పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్ట్ సాగి నట్టు కింద సందు పడ్డదా? బ్రేసింగ్, అంటే కాలమ్‌ల నడుమ ఏటవాలుగ బిగించిన స్టీలు, వంగిందా? దాన్ని కాలమ్‌కు కలిపే గజ్జెట్ ప్లేట్ మీద పెయింటు పెచ్చులు లేచిందంటే ఆడ స్టీలు సాగిందేమో అని అనుమానపడాలె. పెద్ద వెల్డులకు లోపలి పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్ టెస్ట్ చేయించాలె. ఆఖరికి తూకం గుండు వేలాడదీయాలె. 3 మీటర్ల అంతస్తుల 15 మిల్లీమీటర్లు ఒరిగి ఉంటే అది తమాషా కాదు. అయితే ఆ ఒరుగు భూకంపానిదా, కట్టినోడిదా? తెలవాలంటే పాత కొలతలుండాలె. ఎవరి కాడున్నయ్?

అసలు మండేది మూడో ఫోటో. షట్టర్ పక్కన కాలమ్‌కు బ్రేసింగ్ మొండి ముక్క వేలాడుతాంది. గ్యాస్ కట్టర్‌తోటి కోసిండ్రు! ఆ దిక్కు బలం పోయింది, ఊపు వస్తే బిల్డింగు మెలి తిరుగుతది, భారమంత కింది కాలమ్‌ల మీదనే పడ్తది. పైన 5,000 లీటర్ల ట్యాంకు, అంటే నీళ్లే 5 టన్నులు. ఎంత బరువుంటే అంత గుంజుడు. పక్కన నిలువెత్తు హోర్డింగు, అది వేరే.

ఇట్ల ఎందుకు కోస్తరని అడుగుండ్రి. చాన కాడ జవాబొక్కటే, వాస్తు. వాస్తాయన "ఈడ ద్వారం" అంటే రెండో మాట లేదు, ఫీజు కాడ బేరం లేదు. ఇంజినీరు నాలుగు పలకలు ఇప్పమంటే మాత్రం "దుమ్ము పడ్తది సార్". రామప్ప గుడి పునాదుల భూకంపానికని ఇసుక పోసినోళ్ల గడ్డ అని స్టేటస్‌లు పెట్టేది మళ్ల గీళ్లే!

ఆ కోసిన బ్రేసింగ్ ముక్కను పాత ఇనుప సామాన్లోనికి కిలోల లెక్కన అమ్మే ఉంటరు.