మోచేతికి మిలియన్ల బెల్లం

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు ఫ్రంట్ ఆఫీసు (యాజమాన్యం) వారికి,
సిటీ ఫీల్డ్ స్టేడియం, ఫ్లషింగ్, క్వీన్స్.

ఉభయకుశలోపరి. ఇక్కడ న్యూజెర్సీలో మేమంతా క్షేమం. అక్కడ మీరు, మీ పిచర్లు, వాళ్ల భుజాలు, మోచేతులు, పక్కటెముకలు, పిక్కలు, మోకాళ్లు అన్నీ క్షేమమని తలుస్తాను. తలుస్తాను అంతే. నమ్ముతున్నానని అనలేదు.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకంటే, ఇంగ్లీషులో మిమ్మల్ని తిట్టడానికి న్యూయార్క్ పేపర్లున్నాయి, రేడియోకి ఫోన్లు చేసే జనం ఉన్నారు. వాళ్ల పని నేను లాక్కోను. మావాళ్లకే మీ సంగతి సరిగ్గా తెలియదు. సన్‌రైజర్స్ హైదరాబాద్ కమిన్స్‌ని 20.50 కోట్లకు కొన్న రోజు "ఒక్క బౌలర్‌కి అంతా?" అని నోరెళ్లబెట్టినవాళ్లు మావాళ్లు. ఆ నోళ్లు ఇంకాస్త తెరిపిద్దామని మీ పద్దు పుస్తకం బయటికి తీస్తున్నాను.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. బంతి విసిరేవాడు పిచర్, మన బౌలర్ లాగా. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని స్టార్టర్ అంటారు. ఆయన అయిదు రోజులకోసారి వస్తాడు. సీజన్ పొడుగునా ఒళ్లు సహకరిస్తే 32 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి సుమారు వంద బంతులు. 2023 కోసం మీరు జస్టిన్ వర్లాండర్‌కి రాసిచ్చిన జీతం ఏడాదికి 43.3 మిలియన్ డాలర్లు. భాగించి చూస్తే బంతికి 11 లక్షల రూపాయలు. పక్కకు పోయిన బంతికీ అదే రేటు, బ్యాటర్ గ్యాలరీలోకి కొట్టిన బంతికీ అదే రేటు. ఇది కూడా ఆయన 32 సార్లు వస్తేనే సుమా. మీ చొక్కా వేసుకుని ఆయన వేసింది 16 మ్యాచ్‌లు.

అసలు కథ 2022లోనే మొదలైంది. ఆ ఏడాది మీ జట్టు 101 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్ మొదటి మెట్టు మీదే శాన్ డియాగో చేతిలో ఓడింది. యజమాని స్టీవ్ కోహెన్ గారు డబ్బున్నవాళ్ల పెట్టుబడులు నడిపే హెడ్జ్ ఫండ్ మనిషి, డబ్బుకి కొదవ లేదు. మ్యాక్స్ షెర్జర్‌ని అంతకు ముందే మూడేళ్లకు 130 మిలియన్లకు తెచ్చుకున్నారు. డిసెంబర్‌లో మీ ఇంటి పిల్లాడు జేకబ్ డిగ్రామ్ అయిదేళ్లకు 185 మిలియన్లు ఇస్తామన్న టెక్సాస్ రేంజర్స్ దగ్గరికి వెళ్లిపోయాడు. మూడు రోజులు తిరక్కుండా మీరు వర్లాండర్‌ని దింపారు, రెండేళ్లకు 86.7 మిలియన్లు. జపాన్ నుంచి కొడాయ్ సెంగా, అయిదేళ్లకు 75. హోసే కింటానా, రెండేళ్లకు 26. చివరి ఇన్నింగ్స్ ముగించే క్లోజర్ ఎడ్విన్ డియాజ్‌కి అప్పటికే అయిదేళ్లకు 102. స్టార్టర్ దిగిపోయాక వచ్చి వేసే పిచర్‌ని రిలీవర్ అంటారు; రిలీవర్ ఒప్పందం వంద మిలియన్లు దాటడం అదే మొదటిసారి.

సీజన్ మొదలయ్యేసరికి వర్లాండర్‌కి 40 ఏళ్లు, షెర్జర్‌కి 38. మా వైపు ఎద్దుల సంతకు వెళ్లిన రైతు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టి గానీ బేరంలోకి దిగడు. మీరు పళ్ల జోలికి పోలేదు, మెడలో పతకాలు చూశారు. ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డులు ఇద్దరివీ కలిపి ఆరు. ఆరూ వేరే ఊళ్లలో, వేరే చొక్కాల్లో గెలిచినవే. అవి గెలిచిన చేతులకు అప్పట్లో జీతమిచ్చింది ఎవరో. ఆ చేతులు అరిగాక బోనస్ ఇచ్చింది మీరు.

ఇక మార్చి నెల. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్, మయామి. ప్యూర్టో రికో తరఫున డియాజ్ చివరి ఇన్నింగ్స్ వేసి డొమినికన్ రిపబ్లిక్‌ని ఓడించాడు. బంతి వేస్తున్నంత సేపు ఏమీ కాలేదు. గెలిచాక నలుగురితో కలిసి గుండ్రంగా గెంతుతుంటే మోకాలి చిప్ప దగ్గర స్నాయువు తెగింది. వీల్‌చైర్‌లో తీసుకెళ్లారు. సీజన్ మొత్తం పోయింది. ఒప్పందంలో వంద పేజీలున్నా, సంతోషం పట్టలేక గెంతకూడదు అన్న షరతు ఒకటి రాయడం మీ లాయర్లు మరిచిపోయినట్టున్నారు. అదే నెలలో కింటానా పక్కటెముకకు ఆపరేషన్, జులై దాకా రాలేదు. సీజన్ మొదటి రోజే వర్లాండర్ భుజం దగ్గర కండరం పట్టేసింది. మే నెలలో డెట్రాయిట్‌లో మీ కోసం మొదటిసారి బంతి పట్టి, మొదటి ఇన్నింగ్స్‌లోనే వరసగా రెండు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ఇచ్చాడు. మ్యాచ్ 2-0తో పోయింది. ఆ రెండు పరుగులూ అవే.

షెర్జర్ గారి సంగతి ఇంకా రంజుగా ఉంది. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో అంపైర్లు ఆయన చెయ్యి పట్టుకు చూసి, జిగురుగా ఉందని, అది నిషేధమని బయటికి పంపేశారు. "చెమట, రోజిన్ పొడి, అంతే" అని ఆయన మొత్తుకున్నాడు. లీగ్ అధికారి ఎదురుగానే చెయ్యి ఆల్కహాల్‌తో కడుక్కున్నానన్నాడు. పది మ్యాచ్‌ల నిషేధం పడింది. ఏడాదికి 43 మిలియన్లు ఇస్తున్న చేతికి ఏది అంటినా జిగురులా కనిపించడం సహజమేనేమో.

మధ్యలో ఒక మాట. సిటీ ఫీల్డ్‌కి కూతవేటు దూరంలో, బోన్ స్ట్రీట్‌లో వినాయకుడి గుడి ఉంది. మావాళ్లు చాలామంది అక్కడ దండం పెట్టుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని, మెయిన్ స్ట్రీట్‌లో 7 నంబర్ రైలెక్కి ఒక్క స్టేషన్ దాటితే మీ గేటు దగ్గరుంటారు. విఘ్నాలు తొలగించే దేవుణ్ణి పొరుగున పెట్టుకుని, ప్రతి మార్చిలో ఎంఆర్ఐ స్కాన్‌ల కోసం పరుగులు పెట్టేది మీరొక్కరే. మీ సీజన్ మొదలయ్యే ముందు రోజు ఒక కొబ్బరికాయ కొట్టించండి. 86.7 మిలియన్లతో పోలిస్తే చవక.

పన్ను సంగతి కూడా మావాళ్లకు చెప్పాలి. జీతాల మొత్తం ఒక గీత దాటితే లీగ్ జరిమానా పన్ను వేస్తుంది. 2022లో కొత్తగా అన్నిటికంటే పైన ఇంకో గీత గీశారు. దాని ముద్దుపేరు "కోహెన్ ట్యాక్స్". మనిషి పేరు మీద వీధులుంటాయి, ఆస్పత్రులుంటాయి. మీ యజమాని పేరు మీద పన్ను ఉంది. మీరు వరసగా రెండో ఏడాది గీత దాటారు కాబట్టి ఆ పై మెట్టులో ప్రతి డాలర్‌కీ 90 సెంట్లు కట్టాలి. వర్లాండర్‌కి డాలర్ ఇస్తే లీగ్‌కి 90 సెంట్ల దక్షిణ. ఆ ఏడాది పన్ను ఒక్కటే 100 మిలియన్లు దాటింది. వర్లాండర్, షెర్జర్ ఇద్దరి జీతం కలిపితే బాల్టిమోర్ జట్టు జట్టంతటి జీతాల కంటే ఎక్కువ. బాల్టిమోర్ 101 మ్యాచ్‌లు గెలిచింది. మీరు 75 గెలిచి 87 ఓడారు.

ఆగస్టు రాకముందే దుకాణం కట్టేయడం మొదలుపెట్టారు. షెర్జర్‌ని టెక్సాస్‌కి, వర్లాండర్‌ని తిరిగి హ్యూస్టన్‌కి పంపారు. పంపడమంటే ఉత్త చేతులతో కాదు. షెర్జర్ వెంట దాదాపు 35 మిలియన్లు, వర్లాండర్ వెంట కూడా పదుల మిలియన్లు సర్దుబాటు చేసి మరీ సాగనంపారు. ఆడపిల్లని అత్తారింటికి పంపినప్పుడు కూడా ఈ మధ్య ఎవరూ అంత పెట్టడం లేదు. అక్టోబర్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ ఎవరి మధ్య జరిగింది? టెక్సాస్‌కీ హ్యూస్టన్‌కీ. ఒక పక్క షెర్జర్, ఒక పక్క వర్లాండర్, ఇద్దరి జీతంలో సింహభాగం మీది. మీరు టీవీలో చూశారు. ఏ పక్క గెలిచినా మీ డబ్బే గెలిచేలా పెట్టుబడి పెట్టడం హెడ్జ్ ఫండ్ విద్యేనని నాకు ఆ రోజు అర్థమైంది. టెక్సాస్ ఏడు మ్యాచ్‌ల్లో నెగ్గి, ఆ తర్వాత రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఆఖరి పోరు వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. ఆ ఏడాది టెక్సాస్‌కి ఆరే మ్యాచ్‌లు మొదలుపెట్టి మోచేతి ఆపరేషన్ చేయించుకున్న డిగ్రామ్‌కి కూడా విజేతలకిచ్చే ఉంగరం దక్కింది.

ఇంత జరిగాక కూడా మీ గాయాల జాబితాకు ఆకలి తీరలేదని తర్వాత తెలిసింది. జట్టులో చోటు ఖాళీ చేయడానికి ఆటగాళ్లకు లేని గాయాలు సృష్టించి రాశారని లీగ్ తేల్చింది. అప్పటికే రాజీనామా చేసిన జనరల్ మేనేజర్ బిల్లీ ఎప్లర్‌ని 2024 వరల్డ్ సిరీస్ అయ్యేదాకా నిషేధించింది. నిజం గాయాలు అన్నుండగా దొంగ గాయాలెందుకండీ?

నాకు కోపం ఖర్చు మీద కాదు. కోహెన్ గారి డబ్బు, ఆయన ఇష్టం. టికెట్ కొనే మాలాంటి వాళ్లకు పిసినారి యజమాని కంటే దుబారా యజమానే నయం. మీ ముందటి యజమానుల కాలం మేమూ చూశాం. నా గోల అంతా మీరు ఏం కొంటున్నారన్న దాని గురించే. ఈ లీగ్‌లో కుర్రాడు పైకొచ్చాక ఆరేళ్ల సర్వీసు దాకా జట్టు గుప్పిట్లోనే ఉంటాడు. ఆ ఏళ్లలోనే చెయ్యి బాగుంటుంది, జీతం తక్కువుంటుంది. బజార్లోకి వచ్చేసరికి సాధారణంగా వయసు ముప్పైకి అటూ ఇటూ అవుతుంది. అంటే బజార్లో దొరికేది అయిపోయిన సీజన్లే. అవి ఎంత గొప్పవైతే అంత ధర. రాబోయే సీజన్ని ఎవరూ అమ్మరు. మోచేతి లోపలి స్నాయువు ఎన్ని బంతులు ఓర్చుకుంటుందో దాన్ని మోస్తున్నవాడికే తెలియదు. మోచేతికి బెల్లం రాసుకుని నాకబోయే పని మీది. బెల్లం కాస్త ఖరీదైనది, అంతే తేడా.

మీకు ఇది తెలియదనీ అనలేను. కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010లో, డిగ్రామ్‌ని తొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నారు. కాలేజీలో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆడుతున్న పిల్లాడు. బోనస్ 95,000 డాలర్లు. వర్లాండర్ ఏడు బంతుల ఖరీదు. ఆ పిల్లాడు మీకు రెండు సై యంగ్‌లు తెచ్చాడు. 2018లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.70 పరుగులే ఇచ్చాడు. అంత వేసినా ఆయన ఖాతాలో పడ్డ గెలుపులు పదే పది, ఎందుకంటే ఆయన వేసిన రోజు మీ బ్యాటర్లు మౌనవ్రతం పట్టేవారు. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

తర్వాత జట్టు వ్యవహారాలు చూడడానికి డేవిడ్ స్టెర్న్స్ గారు వచ్చారు, పొదుపు మనిషి. 2024కి ల్యూయిస్ సెవెరినోని ఏడాదికి 13 మిలియన్లకు, షాన్ మనాయాని రెండేళ్లకు 28కి తెచ్చారు. మనాయా ఏడాది మధ్యలో వేరే జట్టు పిచర్ క్రిస్ సేల్ బౌలింగ్ చూసి, చెయ్యి కిందికి దించి వేయడం మొదలుపెట్టి మెరిశాడు. జట్టు నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. నేను నిజంగా సంతోషించాను. మీరు వెంటనే ఏం చేశారు? ఆ మెరుపుకి మూడేళ్లు, 75 మిలియన్లు! ఫ్రాంకీ మోంటాస్‌కి రెండేళ్లకు 34! 2025లో మనాయా జులై దాకా లేడు, మోంటాస్ జూన్ చివర్లో వచ్చి ఆఖరికి మోచేతి ఆపరేషన్‌కి వెళ్లాడు, సెంగా తొడ కండరం పట్టేసింది. రిలీవర్‌ని స్టార్టర్‌గా మార్చిన క్లే హోమ్స్ ఒక్కడే, పాపం, చెప్పిన పని చేశాడు. జూన్ 12 నాటికి 45 గెలుపులు, 24 ఓటములతో లీగ్‌లోనే ముందున్న జట్టు ఆఖరి రోజు మయామిలో 4-0తో ఓడి ప్లేఆఫ్స్‌కి దూరమైంది. స్టార్టర్ కావాలి మహాప్రభో అని జులైలో మేం ఏడిస్తే మీరు ముగ్గురు రిలీవర్లని తెచ్చారు. వాళ్లలో ర్యాన్ హెల్స్లీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లోకి వస్తే మా ఇంట్లో బీపీ మాత్రల డబ్బా బయటికొచ్చేది.

ఆ టెన్షన్‌లో మమ్మల్ని ఆదుకున్నది ఎవరు? 2023 డ్రాఫ్ట్ మూడో రౌండ్ కుర్రాడు నోలన్ మెక్‌లీన్. ఆగస్టులో వచ్చి ఎనిమిది మ్యాచ్‌ల్లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.06 పరుగులే ఇచ్చాడు. సొంత పొలంలో పండింది తినడానికి ఆగస్టు దాకా ఆగారు, బజారు సరుకు అయిపోయాక గానీ గాదె వైపు చూడలేదు.

ఒక్కసారి మాత్రం మీరు సరైన చేతికే బేరమాడారు, ఒప్పుకుంటాను. 2023 చివర్లో యోషినొబు యమామోటో, పాతికేళ్లవాడు. కోహెన్ గారు ఇంటికి భోజనానికి పిలిచారు. 325 మిలియన్లు ఇస్తామన్నారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కూడా అంతే అన్నారు, అతను వాళ్లతో వెళ్లాడు. 2025 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసి, మర్నాడు ఏడో మ్యాచ్‌లో మళ్లీ వచ్చి 34 వేసి కప్పు తెచ్చాడు. భోజనంలో ఏం వడ్డించారో కనుక్కోండి. ఉప్పు తక్కువైందేమో.

ఇట్లు,
మీ జట్టు చొక్కా ఇంకా పారేయని ఒక ప్రవాసాంధ్రుడు.

తా.క.: 1995లో మీ జట్టు వదిలి వెళ్లిన పిచర్ బ్రెట్ సేబర్‌హేగన్‌కి ఏటా 250,000 డాలర్లు పంపుతున్నారు కదా, 2028 దాకా ఉంది. మరిచిపోకండి. ఆయన కనీసం మళ్లీ గాయపడడు.

మరో తా.క.: డియాజ్‌ని కూడా డాడ్జర్స్ మూడేళ్లకు 69 మిలియన్లకు ఎత్తుకుపోయారు. అంతకు ముందు సీజన్ కోసం వాళ్లు రిలీవర్ టానర్ స్కాట్‌కి నాలుగేళ్లకు 72 మిలియన్లిస్తే, అతను పది మ్యాచ్‌ల్లో చేతికొచ్చిన ఆధిక్యం పోగొట్టాడు. అంటే ఈ జబ్బు వాళ్లకూ ఉంది. కాకపోతే వాళ్లు జబ్బుతోనే కప్పు గెలుస్తున్నారు, అదే నా కడుపుమంట.