గ్రాండ్ టెస్టు మార్కు ఎంతవరకు నిజం?

దసరా సెలవులు దాటాయంటే ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్న ఇళ్లలో ఒకటే లెక్క. కాలేజీ పెట్టే మాక్ పరీక్ష, అంటే గ్రాండ్ టెస్టులో 190 వచ్చింది, జేఈఈ మెయిన్‌లో ఎంత పర్సంటైల్ రావచ్చు? కొన్ని కాలేజీలు మార్కుల పక్కనే అంచనా ర్యాంకు కూడా వేసి ఫోన్‌కు పంపుతున్నాయి. ఆ అంకె పట్టుకుని ఏ ఎన్ఐటీలో సీటొస్తుందో చూసుకుంటున్న తల్లిదండ్రులకు సూటిగా చెప్పాలి. పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో మాక్ టెస్టు బాగా చెబుతుంది. రాబోయే మార్కును మాత్రం చెప్పలేదు.

మెడికల్ సీట్ల పరీక్ష నీట్ సంగతే చూడండి. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. సవరించాక 17 మంది మిగిలారు. మరుసటి ఏడాది దేశంలో మొదటి ర్యాంకు మార్కు 686. ఫిజిక్స్ అంతగా చుక్కలు చూపించింది. జనరల్ కటాఫ్ కూడా 162 నుంచి 144కు పడిపోయింది. 2024 పేపరును చూసి తయారుచేసిన మాక్‌లలో 690 తెచ్చుకున్నవాళ్లకు 2025లో అంతకు చాలా తక్కువ వస్తే, చదువు తగ్గిందని ఎలా అంటాం?

జేఈఈ మెయిన్‌లో మార్కు నేరుగా ర్యాంకు కాదు. ఒక షిఫ్టులో, అంటే ఒక పూట పరీక్షలో, తమతో సమానంగా గానీ, తక్కువగా గానీ మార్కులు వచ్చినవాళ్లు నూటికి ఎందరో లెక్కగట్టి, ఏడు దశాంశ స్థానాల దాకా పర్సంటైల్ ఇస్తారు. క్యాంపస్ టెస్టులో ఆ షిఫ్టూ లేదు, ఆ గుంపూ లేదు. పైగా పాఠం చెప్పినవాళ్లే పేపరు కూర్చుతారు, సిలబస్ ముందే చెబుతారు, సొంత మెటీరియల్‌లోని లెక్కనే అంకెలు మార్చి ఇస్తారు. అక్కడ సగం మార్కులు జ్ఞాపకానివి.

రాష్ట్రస్థాయి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో అదృష్టం పాలు ఇంకా ఎక్కువ. 160 బిట్లు, నెగెటివ్ మార్కుల్లేవు. చివరి పది నిమిషాల్లో 40 బిట్లు గుడ్డిగా పెట్టినవాళ్లకు సగటున 10 వస్తాయి. ఒక రోజు 7, మరో రోజు 13 రావడం మామూలే. చదువులో ఏ తేడా లేకుండానే ఆరు మార్కులు! మధ్యశ్రేణిలో ఒక్కో మార్కు దగ్గర వేల మంది ఉంటారు కాబట్టి ర్యాంకు ఎంత జరుగుతుందో ఊహించుకోండి.

టెస్టుల్లో ముందున్నవాళ్లే అసలు పరీక్షలోనూ ముందుంటారు కదా అంటారు. మొత్తం మీద చూస్తే నిజమే. కానీ ఒకే సెక్షన్‌లో పక్కపక్కన కూర్చున్న నలభై మందిలో ఎవరు ముందో ఆ క్రమం చెప్పలేదు. తల్లిదండ్రులు అడుగుతున్నది సరిగ్గా అదే.

అంచనా కావాలనుకుంటే ముందెన్నడూ చూడని అసలు షిఫ్టు పేపర్లు అయిదు తీయండి. 2021-24 మెయిన్ పేపర్లలో ఒక్కో సబ్జెక్టుకు న్యూమరికల్ ప్రశ్నలు (ఆప్షన్లు లేకుండా జవాబు అంకె వేసేవి) పదిలో అయిదు రాస్తే చాలు. 2025 నుంచి ఆ ఛాయిస్ లేదు, ఉన్న అయిదూ చేయాలి. పాత పేపర్ల మార్కు యథాతథంగా తీసుకుంటే అంచనా పైకి పోతుంది. ఉదయం 9 నుంచి 12, కంప్యూటర్ మీదే, మధ్యలో లేవకుండా రాయాలి. ప్రతి బిట్‌కూ రఫ్ కాగితం మీద గుర్తు పెట్టాలి: తెలిసి పెట్టింది టిక్కు, రెండు ఆప్షన్ల మధ్య ఊగింది సున్నా, గుడ్డిగా పెట్టింది ఇంటూ. అయిదింటిలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని తీసేయండి. తక్కువ వచ్చినదాన్ని తీయకండి, అసలు పరీక్ష రోజు కూడా అలాంటిదే కావచ్చు. మిగిలిన నాలుగింటిలో కింది అంకెకూ పై అంకెకూ మధ్య ఎక్కడైనా రావచ్చు. టిక్కు పెట్టీ తప్పినవే అసలు జబ్బు. కాన్సెప్టు తప్పా, ప్లస్-మైనస్ గుర్తు తప్పా, యూనిట్ తప్పా విడదీయాలి. సున్నాలు, ఇంటూలు మార్కులు తెచ్చినా సంబరపడొద్దు.

అంచనా తప్పితే పోయేదేముంది అనొచ్చు. పోతుంది. ఆ మార్కుతోనే సెక్షన్లు మారుస్తున్నారు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, డౌట్ల గంటలు. కింది సెక్షన్‌కు స్టడీ అవర్ ఇన్‌చార్జి. ఆర్నెల్ల తర్వాత "చూశారా, మా టెస్టు ముందే చెప్పింది" అంటారు. టెస్టు జోస్యం చెప్పలేదు, కాలేజీయే దాన్ని నిజం చేసింది. కోచింగ్ సెంటర్లు టెస్టు ఫలితాలను బహిరంగపరచకూడదని కేంద్రం 2024 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంత వరకు మానాలని ఆదేశించింది. అయినా హాస్టల్ గోడల మీద ర్యాంకుల జాబితాలు వేలాడుతూనే ఉన్నాయి.

సెక్షన్ మార్చారని ఫోన్ వచ్చిన రోజు కాలేజీకి వెళ్లండి. ర్యాంకు సంగతి వదిలేసి గత మూడు టెస్టుల ఎర్రర్ లిస్టు అడగండి. ఏ చాప్టర్‌లో ఎన్ని బిట్లు పోయాయి, ఆ చాప్టర్ మళ్లీ ఎవరు చెబుతారు, ఏ తేదీన?