చోటు లేదనకుండా... ప్రాణం తీయకుండా

కొత్త ఇంటి ఓనరు కుక్కను ఒప్పుకోడు. వేలు పోసి కొన్న చలిదేశపు జాతి కుక్క హస్కీ కడప ఎండకు రొప్పుతుంటే ఏం చేయాలో తోచదు. ముసలిదైపోయిన పామెరేనియన్‌కు ఒళ్లంతా గజ్జి పట్టింది, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. చీకటి పడ్డాక బండి మీద తీసుకెళ్లి బైపాస్ పక్కనో, ఊరి బయటి పాలకొండల దారిలోనో దింపేసి వస్తారు. ఇంట్లో పెరిగిన కుక్కకు లారీల మధ్య రోడ్డు దాటడం రాదు, వీధి కుక్కల గుంపులో నెగ్గుకురావడం అంతకన్నా రాదు. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఆ అంకె దశాబ్దాలుగా మారలేదు. దాన్ని పెంచాలనే మేమూ కోరుతున్నాం. అయితే జరిమానాకు భయపడినవాడు కూడా ఆ జంతువును అప్పగించడానికి ఒక చోటుండాలి కదా.

ఆ చోటు ఎలా ఉండాలో తేల్చుకోవాల్సిన సమయం ఇదే. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధి కుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడే వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే ప్రతి ఊరికీ షెల్టర్లు అవసరం. నాలుగు రేకులు వేసి, కంచె కట్టి, పట్టిన కుక్కలన్నిటినీ అందులోకి తోసేస్తే ఆదేశం అమలైనట్టు కాగితం మీద కనిపిస్తుంది. వాటి మధ్యకే జనం తెచ్చిచ్చే పెంపుడు జంతువులూ వచ్చిపడితే ఏమవుతుందన్నదే మా ఆందోళన.

షెల్టర్లు రెండు రకాలుగా దారి తప్పుతాయి. కొన్ని ‘మేం ఏ ప్రాణినీ చంపం’ అని గర్వంగా చెప్పుకుంటాయి, నిండిపోగానే గేటు మూసేస్తాయి. వెనక్కి పంపిన కుక్క చావు రోడ్డు మీద జరుగుతుంది కాబట్టి వాళ్ల రిజిస్టర్‌లోకి ఎక్కదు. కొన్ని అన్నిటినీ రానిస్తాయి, చోటు చాలనప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాటికీ ప్రాణం తీసే సూది వేస్తాయి. అమెరికాలో చాలా నగరాలు ఏళ్ల తరబడి ఈ రెండో పనే చేశాయి. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అక్కడి జంతు సంక్షేమ సంఘం, నగర పాలక విభాగం ఒప్పందం చేసుకుని, దత్తతకు పనికొచ్చే ఏ కుక్కనూ పిల్లినీ చంపకూడదని నిర్ణయించుకున్నాయి. 2004లో ఆ దేశపు సంస్థలు కొన్ని కలిసి లెక్కలు రాసే పద్ధతినీ కుదుర్చుకున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవి ఎన్ని, వైద్యంతో బాగయ్యేవి ఎన్ని, ఇక బాగుపడనివి ఎన్ని అని విడిగా రాయడం మొదలైంది. ఇలా రాస్తేనే చంపినవాటిలో బతకగలిగినవి ఎన్నో బయటపడుతుంది.

చోటు చాలదన్న మాటలో నిజం ఎంతో చిన్న లెక్కతో చూద్దాం. ఇరవై గదులున్న కేంద్రంలో ఒక్కో జంతువు నెల రోజులుంటే ఏడాదికి సుమారు 240 జంతువులకు ఆశ్రయం దొరుకుతుంది. అదే పది రోజుల్లో ఇంకో ఇంటికి చేరితే అవే ఇరవై గదుల్లో 730 జంతువులకు వీలవుతుంది. ఒక్క ఇటుక అదనంగా పేర్చనక్కర్లేదు. కాబట్టి షెల్టర్ అసలు పని జంతువులను దాచిపెట్టుకోవడం కాదు, త్వరగా మంచి ఇంటికి పంపడం. అద్దె ఇంట్లో ఉంటున్నారనో, జీతం తక్కువనో దత్తత అడిగినవాళ్లను తిప్పి పంపే పద్ధతి మాకు నచ్చదు. కడపలో ఎన్నో మంచి ఇళ్లు అద్దె ఇళ్లే. కళ్లు తెరవని పిల్లి కూనలకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. ఆ పని గదుల్లో కుదరదు, నెల రోజులు తమ ఇంట్లో పెంచి తిరిగి అప్పగించే కుటుంబాలు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం గేటు దగ్గర మనిషి. ‘ఎందుకు తెచ్చారు?’ అని కోప్పడకుండా అడగగలిగిన మనిషి. గజ్జికి మందిస్తే ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లుంటారు. ఆసుపత్రిలో పడ్డ ఇంటాయన కోలుకునేదాకా పదిహేను రోజులు చూసుకుంటే చాలనేవాళ్లుంటారు. పిల్లల మీద పిల్లలు పెడుతోందని తెచ్చిన పిల్లికి ఉచితంగా ఆపరేషన్ చేస్తే సమస్యే తీరిపోతుంది. దెబ్బ తగిలినదాన్నీ దిక్కులేనిదాన్నీ ఆ క్షణమే తీసుకోవాలి. తొందర లేనివారికి ఫలానా రోజు రమ్మని చెప్పొచ్చు, కానీ ఆ రోజు తప్పకుండా తీసుకోవాలి. పంజరంలో రామచిలుకను, తొట్టిలో నక్షత్ర తాబేలును తెచ్చినా కాదనకూడదు. వాటిని పెంచడాన్ని వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు కాబట్టి అటవీ శాఖకు చేర్చాలి. కేసు భయంతో జనం వాటిని ఎక్కడో వదిలేయడం కన్నా అది ఎంతో మేలు. మన ఊళ్లలో బందెలదొడ్డి నడిచిన రోజుల్లో తప్పిపోయిన గొడ్డు ఎవరిదైనా సరే లోపలికి తోలి, మేత వేసి, నీళ్లు పెట్టేవారు. పొలం పాడుచేసిన గొడ్డుకు దక్కిన ఆ పాటి మర్యాద, ఇంటివాళ్లు వద్దనుకున్న కుక్కకు దక్కకూడదా?

కిక్కిరిసిన షెల్టర్‌లో సూది వేయకపోయినా చావులు ఆగవు. కుక్కలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఒక్క కుక్కపిల్లతో లోపలికొస్తే నేలలో నెలల తరబడి ఉంటుంది, కుక్కపిల్లలను వరసపెట్టి తీసుకుపోతుంది. వచ్చిన రోజే టీకా వేయడం, రెండు వారాలు వేరుగా ఉంచడం, పిల్లులను కుక్కల అరుపులకు దూరంగా పెట్టడం ఖర్చుతో కూడిన పనే అయినా తప్పదు.

కారుణ్య మరణం అసలే వద్దని మేం అనడం లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఏ కుక్కా బతకదు. వెన్నెముక విరిగి, నొప్పితో మూలుగుతున్న జంతువును మన మనశ్శాంతి కోసం రోజుల తరబడి అలా ఉంచడం క్రూరత్వం. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా నయంకాని జబ్బు, ప్రాణాంతక గాయం ఉన్న కుక్కల విషయంలో దీన్ని అనుమతించాయి. అర్హత ఉన్న పశువైద్యుడే చేయాలని, మరో కుక్క కళ్లెదుట చేయకూడదని చెప్పాయి. మేం అడిగేది ఒక్కటే. చోటు లేదు, డబ్బు లేదు, ముసలిదైంది, నల్లగా ఉంది కాబట్టి ఎవరూ తీసుకోవడం లేదు అన్నవి ఆ రిజిస్టర్‌లో కారణాలుగా కనిపించకూడదు. నెలకు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇళ్లకు వెళ్లాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్నిటికి ఏ కారణంతో సూది వేశారు అన్నది బయట బోర్డు మీద రాయాలి.

ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని, దానికి స్థలం ప్రభుత్వమే ఇవ్వాలని 2001 నుంచే నిబంధనలున్నాయి. పక్కనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఆపరేషన్లు నేర్చుకునే విద్యార్థులకు ఇక్కడ పని, ఈ జంతువులకు వైద్యం, రెండూ కలిసొస్తాయి. కలెక్టరూ మున్సిపల్ కమిషనరూ ఒకచోట కూర్చుంటే వారంలో తేలే విషయమిది. స్థలం చూసేటప్పుడు మాత్రం డంపింగ్ యార్డ్ పక్కనో, ఆటోలు రాని గుట్ట వెనకాలో చూడొద్దు. అక్కడికి కుక్కను ఇవ్వడానికీ ఎవరూ రారు, తెచ్చుకోవడానికీ రారు. ఊళ్లోనే, చెట్ల నీడ, బోరు నీళ్లు ఉన్నచోట, ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని కుటుంబాలు రాగలిగిన దూరంలో కట్టాలి. మే నెల ఎండలు రాకముందే ఆ పని మొదలవ్వాలి.