నా ముక్కు, నా గుడ్డ

నిన్న రాత్రి ఒడిశా బరంపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర మాస్కు పెట్టుకుని నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో చెయ్యి పెట్టి చెవి దగ్గర తాడు లాగారు. తిరిగి చూస్తే మా ఊరి పెద్దమ్మ. "ఏటే, ఇంకా ఈ గుడ్డ తియ్యలేదేటి? రోగమేటైనా ఉందా?" అని పకపకా నవ్వింది. ఆవిడ పక్కనున్న నలుగురూ నవ్వారు. నేనూ పళ్ళికిలించాను. ఒళ్ళు మండుతున్నది అందుకే. పన్నెండు దాటినా నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మాస్కు ఎందుకు పెట్టుకుంటున్నానో చెప్పను. చెప్తే జాలి, చెప్పకపోతే వెటకారం. బొట్టు ఏ సైజులో పెట్టాలో, రెండో బిడ్డని ఎప్పుడు కనాలో మనకి చెప్పేవాళ్ళు ముక్కు జోలికి రాకుండా ఉంటారా?

ఇంతకీ ఈ పెద్దమ్మ ఎవరనుకున్నారు? 2020 ఏప్రిల్లో, కరోనా మొదట్లో, ఒడిశాలో మాస్కు లేకుండా బయట కనిపిస్తే 200 రూపాయల జరిమానా పెట్టారు, గుర్తుందా? అదే నెలలో సర్పంచులకి కలెక్టర్ అధికారాలు కూడా ఇచ్చారు. మా పెద్దమ్మకి మాత్రం ఎవరూ ఇవ్వకుండానే ముఖ్యమంత్రి అధికారాలు వచ్చేశాయి. మా నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగడానికి మాస్కు కిందకి దించితే, ఎదురింటి నుంచి కేక. మాస్కు పెట్టుకునే టీ ఎలా తాగాలో ఆవిడే నేర్పి ఉండాల్సింది.

మే నెలలో మా తమ్ముడు సూరత్ నుంచి వచ్చాడు. గంజాం జిల్లావాళ్ళకి సూరత్ సంగతి కొత్తగా చెప్పాలా, ఏ ఊరికెళ్ళినా ఆ మరమగ్గాల దగ్గర పనిచేసేవాడు ఒకడైనా ఉంటాడు. వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలు వాణ్ణి జగన్నాథ్‌పూర్ స్టేషన్‌లో దింపింది. బడిలో పెట్టిన క్వారంటైన్ మొత్తం పూర్తి చేసి, ప్రభుత్వమిచ్చిన 2000 రూపాయలతో ఇంటికొచ్చాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా మర్నాటి నుంచి మా అమ్మ వీధి కుళాయి దగ్గరికి రాకూడదన్నారు. అన్నది ఎవరో చెప్పాలా? మా అమ్మ పదకొండు రోజులు, ఊరంతా పడుకున్నాక, అర్ధరాత్రి బిందె పట్టుకెళ్ళి నీళ్ళు తెచ్చుకుంది. పొద్దున్నే ఈవిడ వచ్చి ఆ కుళాయిని సర్ఫ్ వేసి తోమేది. మేం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. ఆ తోముడు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మరుసటేడు ఈవిడకే జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. టైఫాయిడ్‌కి కాఫీ వాసన కూడా తెలియకుండా పోతుందా అని మేం అడగలేదు. ఆ కుళాయిని ఎవరూ తోమలేదు కూడా. మా అమ్మ గంజి కాచి గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. నేనైతే పెట్టేదాన్ని కాదు, ఉన్నమాట చెప్తున్నాను.

ఆ 2021 మే అంటే ఇంకోటి గుర్తొస్తుంది, అది ఇంకా మంట. కర్నూలులో ఏదో కొత్త రకం వైరస్, ఎన్440కె అని టీవీల్లో ఊదరగొట్టారు. అదేమంత ప్రమాదం కాదని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్తున్నా వినేవాడెవడు? ఒడిశా ప్రభుత్వం ఆంధ్రతో ఉన్న సరిహద్దు మూసేసింది. సరిగ్గా ఆ వారంలోనే ఇచ్ఛాపురంలో మా అమ్మమ్మ పోయింది. మా ఊరి నుంచి గంట కూడా పట్టని దారి. సరిహద్దులోని గిరిసోల దగ్గర ఆపేశారు. ఇటువైపు ఒరియావాళ్ళకి మేం "తెలంగా రోగం", అంటే తెలుగువాళ్ళ రోగం, తెచ్చేవాళ్ళం. అటువైపు ఫోన్ చేస్తే మా సొంత మేనమామ, "మీ ఒడిశాలో కేసులెక్కువ, రాకండమ్మా, ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. మా అమ్మ తన తల్లి ముఖం వీడియో కాల్‌లో చూసింది. సిగ్నల్ సరిగ్గా లేక అది కూడా ముక్కలు ముక్కలుగా.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ మా బతుకు ఇంతే. ఇక్కడ తెలుగువాళ్ళం, అక్కడికెళ్తే ఒరియావాళ్ళం. మా పిల్ల ఒరియా మీడియంలో చదివితే చుట్టాలు "అయ్యో, తెలుగు రాదా?" అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే బళ్ళో "తెలంగా" అంటారు. మా యాస విని విశాఖ బస్టాండులో కూడా నవ్వుతారు. పెద్దమ్మ కూడా ఈ మాటలన్నీ పడ్డదే! పడ్డది కదా, కాస్తయినా తెలియాలి కదా, పక్కవాణ్ణి చూసి నవ్వితే ఎలా ఉంటుందో. అబ్బే.

మాస్కు దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళిపోయానని కామెంట్లలో అంటారు, తెలుసు. అనుకోండి. కానీ నా చెవి దగ్గర తాడు లాగే హక్కు ఎవరిచ్చారో అది కూడా చెప్పండి. పెట్టుకోనివాళ్ళని నేనేమైనా అన్నానా? పెళ్ళిలో మూడొందల మంది ముక్కులు బయటపెట్టుకుని తిరిగారు, ఒక్కరి జోలికైనా వెళ్ళానా?

పెళ్ళి ఫొటోల్లో నేను మాస్కుతోనే ఉన్నాను. పెద్దమ్మ అప్పుడే కుటుంబ గ్రూపులో పెట్టేసింది, నా ముఖం మీద పువ్వు బొమ్మ అంటించి.