గ్లాసులో తేలిన తుక్కు కడ్డీలది, కొళాయి నీళ్లది కాదు

కర్నూలులో ఒక వీడియో ఫోన్‌ నుంచి ఫోన్‌కు పాకుతోంది. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. రెండిట్లోనూ కరెంటు కడ్డీలు ముంచుతారు. నిమిషం తిరగకుండానే కొళాయి నీళ్లు బురదరంగుకు తిరిగి పైన తెట్టు కడతాయి. ఆర్వో నీళ్లు అలాగే ఉంటాయి. కింద రాత: "మున్సిపాలిటీ నీళ్లు విషం. టీడీఎస్ 300 దాటితే కిడ్నీల్లో రాళ్లు. క్లోరిన్‌తో క్యాన్సర్. పిల్లలకు క్యాన్ నీళ్లే పట్టండి."

ఇందులో ఏ మాటా నిలవదు. కొళాయి నీళ్లతో జబ్బు చేసే దారి నిజంగానే ఒకటుంది. దాని గురించి ఈ వీడియోలో ఒక్క ముక్క లేదు. మా ఆందోళన అదే.

ముందు ఆ కడ్డీల సంగతి. ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినియంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగిన ఇనుము మొదట ముదురాకుపచ్చగా కనబడి, గాలి తగిలేకొద్దీ తుప్పురంగుకు మారి పీచుపీచుగా తేలుతుంది. అంటే మీరు చూసిన మురికి కడ్డీలోంచి ఊడినది. లెక్క కూడా కష్టం కాదు. 0.2 ఆంపియర్ల కరెంటు ఒక నిమిషం పారితే సుమారు 3.5 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అది లీటరుకు 17 మిల్లీగ్రాములతో సమానం. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము ఇనుము ఉన్నా నీళ్ల రంగు తేడా తెలుస్తుంది, 17 ఉంటే బురదలా కనబడక ఏమవుతుంది?

మరి ఆర్వో నీళ్లు ఎందుకు మారలేదు? వాటిలో లవణాలు దాదాపు లేవు గనక కరెంటు పారదు. కరెంటు పారకపోతే కడ్డీ కరగదు. ఎవరైనా ఈ కడ్డీల పెట్టె పట్టుకుని మీ గడపలోకి వస్తే, ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు వంటుప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమనండి. అది కొళాయి గ్లాసు కన్నా ముందే మురికి పడుతుంది. ఉప్పు విషమని ఎవరూ అనరు కదా. ఈ పని మీరు మాత్రం చేయొద్దు. ఆ కడ్డీల్లో పారేది ఇంటి కరెంటే.

"టీడీఎస్ 300 దాటితే ప్రమాదం."

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదే. వేరే నీటివనరు లేనిచోట 2,000 వరకు అనుమతి ఉంది. 300 అనే గీత ఆ ప్రమాణంలో ఎక్కడా లేదు. టీడీఎస్ చూపించే, పెన్నులా ఉండే మీటరు నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్ని ఒక అంకెతో గుణించి చూపిస్తుంది, అంతే. కొబ్బరిబోండం నీళ్లలో ముంచితే వేలల్లో చూపిస్తుంది.

ఈ మీటరు చూడలేనిదేమిటో చెబితే భయం ఎటు పెట్టుకోవాలో తెలుస్తుంది. టీడీఎస్ 300 ఉన్న 20 లీటర్ల బిందెలో 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాల మురుగునీరు కలిసిందనుకుందాం. ఆ మురుగు టీడీఎస్ 1,000 అనుకున్నా బిందెలో పెరిగేది అర పాయింటు కూడా కాదు. మీటరు మళ్లీ 300 అనే చూపిస్తుంది. అదే మురుగులో 100 మిల్లీలీటర్లకు 10 లక్షల ఇ.కోలై (మలంలో ఉండే సూక్ష్మజీవులు) ఉన్నాయనుకుంటే (మురుగుకు ఇది పెద్ద అంకె కాదు), బిందెలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ 500 చేరతాయి. ప్రమాణం ప్రకారం అక్కడ ఒక్కటి కూడా ఉండకూడదు. టైఫాయిడ్, కలరా, కామెర్లు వచ్చేది ఈ దారినే. మోతాదు మించితే పళ్లనూ ఎముకల్నీ పాడుచేసే ఫ్లోరైడ్ కూడా అంతే. ఒక గ్లాసులో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, ఇంకో గ్లాసులో 2.5 ఉన్నా రెండిటి టీడీఎస్ ఒక్కటే కావచ్చు.

ఫ్లోరైడ్ మాట వచ్చింది గనక ఒకటి ఒప్పుకోవాలి. అనంతపురం జిల్లాలోనూ, కర్నూలు పడమటి మండలాల్లోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటే ఊళ్లున్నాయి. అక్కడ ఆర్వో మంచి పనే చేస్తుంది. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కర్నూలు నగరానికి మున్సిపల్ పైపుల్లో వచ్చేది తుంగభద్ర నీరు. సుంకేసుల నుంచి, మునగాలపాడు దగ్గరి సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నుంచి వచ్చి, పటికతో తేటపడి, ఇసుక ఫిల్టర్లు దాటి, క్లోరిన్ కలిపాక వీధుల్లోకి వెళ్తుంది. ఈ నీళ్లనూ బోరు నీళ్లనూ ఒకే గాటన కట్టడం తప్పు. మీ ఇంట్లో తాగేది బోరు నీళ్లయితే, జిల్లా గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ చూపించండి. మీటరుతో తేలే సంగతి కాదు.

రాళ్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర, నీళ్లు కాగినప్పుడు విడిపోయిన, క్యాల్షియం ఉన్న సున్నం. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం క్యాల్షియం ఆక్సలేట్‌వే. అయినా వాటికి అసలు ఊతమిచ్చేది మన ఎండల్లో చాలినంత నీళ్లు తాగకపోవడం. కొళాయి నీళ్లు పాలలా తెల్లగా వస్తే గాజు గ్లాసులో పట్టి చూడండి. అడుగు నుంచి పైకి తేటపడితే అవి గాలి బుడగలు. పైనుంచి కిందికి తేటపడి అడుగున మడ్డి మిగిలితే మట్టి.

"క్లోరిన్ వాసన వస్తే క్యాన్సర్."

ఈ మాట అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తోంది. వాసన రాని నీళ్లే మంచివని నమ్మి, జనం రక్షణ ఉన్న నీళ్లు వదిలి రక్షణ లేని నీళ్లకు పోతున్నారు. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నిబంధన. ఆ మిగులే దారిలో చేరే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరిన్‌కు పెట్టిన పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు. క్లోరిన్, నీటిలోని ఆకు అలములతో కలిస్తే క్లోరోఫాం లాంటివి పుడతాయన్నది నిజమే. వాటికీ ఐఎస్ 10500లో హద్దులున్నాయి. వాటికి భయపడి క్లోరిన్ మానేయకూడదని అదే ఆరోగ్య సంస్థ గట్టిగా చెబుతుంది. వాసన గిట్టకపోతే వెడల్పు మూతి గిన్నెలో అరగంట ఉంచి, ఆ తర్వాత మూత పెట్టండి. వాసన అసలు రాని రోజునే వార్డు సచివాలయంలో అడగండి.

క్యాన్ నీళ్ల లోటు కూడా ఇక్కడే ఉంది. ఆర్వో ప్లాంటులో కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను మొత్తం తీసేస్తుంది. ఆ తర్వాత నీళ్లకు కాపలా లేదు. క్యాన్ మెడ లోపలికి వేలు పెట్టి రుద్దండి, జారుడుగా తగిలితే అది సూక్ష్మజీవుల పొర. పైగా ఇళ్లలో పెట్టే ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు కాలువపాలు చేస్తుంది. కరువు సీమలో అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

ఇక నిజంగా తప్పు జరిగేది ఎక్కడ? వాల్వు తిప్పిన చోటికీ మీ బిందెకూ మధ్య. మనకు నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. మురుగు కాలువలోంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు పైపుకు తుప్పు చిల్లు గానీ వదులైన జాయింటు గానీ ఉంటే, పీల్చేది ఆ కాలువ నీటినే. కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్చడం నీళ్లు వచ్చే టైములోనూ జరుగుతుంది. అప్పుడు ఆ మురుగు పక్కింటి బిందెలోకి కూడా పోతుంది. అందుకే మోటారు సంపు నుంచి మిద్దె మీదికి ఎక్కించడానికే వాడాలి. కాలువలో మునిగి ఉన్న పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు తీసేసి, మధ్యలో జాయింట్లు లేని, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హెచ్‌డీపీఈ పైపును కాలువ నీటిమట్టానికి పైన, ఇంకో లావు గొట్టంలోంచి దాటించండి. నీళ్లు వదిలిన మొదటి మూడు నాలుగు నిమిషాలు పట్టినవి చెట్లకు పోయండి. తుంగభద్రకు ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో మట్టే క్లోరిన్‌ను తినేస్తుంది. అప్పుడు నీళ్లు తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాచండి.

సంపు మూత నేలకన్నా జానెడు ఎత్తున ఉండాలి. సంపు గానీ మిద్దె మీది ట్యాంకు గానీ ఆరు నెలలకోసారి కడిగి, నీళ్లు నింపి, ప్రతి 1,000 లీటర్లకు 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు 200 గ్రాములు తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రం పోయండి. వాసన వచ్చేదాకా ఇంట్లో కొళాయిలన్నీ తిప్పి కట్టేయండి. రాత్రంతా ఉంచి, పొద్దున మొత్తం వదిలేసి మళ్లీ నింపండి. ఆ రాత్రి నీళ్లు తాగకూడదు, ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి. మూట విప్పి నెలల తరబడి ఉంచిన పౌడరుకు బలం ఉండదు, ముక్కు దగ్గర పెట్టుకోకుండానే ఘాటు తగలాలి.

పరీక్ష చేయాలనుకుంటే రెండు చాలు. క్లోరిన్‌కు ఓటీ చుక్కలు (క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపు చేసే మందు): కొళాయి నీళ్లు అప్పటికప్పుడు పట్టి, చుక్కలు వేసిన పది సెకన్లలోపు పసుపును రంగు పట్టీతో పోల్చండి. ఆ నీళ్లు పారబోయాలి, తాగరాదు. మలకాలుష్యానికి హెచ్‌టూఎస్ సీసా (మలంలోని సూక్ష్మజీవులుంటే నల్లబడే మందు ఉన్నది): మూతి లోపల వేలు తగలకుండా గీత దాకా నింపి, ఇంట్లోనే 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే అనుమానించాలి.

ఒక్క సీసాతో ఆగొద్దు. వీధి పైపు నుంచి మీ ఇంటికి వచ్చే కొళాయి నీళ్లకొకటి, సంపుకొకటి, వంటింటి బిందెకొకటి, మూడూ ఒకే పూట నింపి పేర్లు రాయండి. వీధిది నల్లబడితే పక్క రెండిళ్లలో కూడా చేయించండి. వాళ్లవీ నల్లబడితే పైపు పగిలింది వీధిలో, ఫిర్యాదు అందరూ కలిసి ఇవ్వాలి. మీ ఒక్కరిదే నల్లబడితే మీ సర్వీసు పైపు తవ్వి చూడండి. వీధిది తేటగా ఉండి సంపుది నల్లబడితే మూత, గోడ పగుళ్లు, దగ్గర్లోని సెప్టిక్ ట్యాంకు చూడండి. బిందెది మాత్రమే నల్లబడితే, చెంబు ముంచడం మాని పిడి ఉన్న గరిటెతో తీసి, బిందెకు మూత పెట్టండి.